అమ్మమ్మ జామ్ బిస్కెట్లు: వెన్న చల్లగా, జామ్ చిక్కగా

ఈ బిస్కెట్లకి కావాల్సింది మైదా, వెన్న, పంచదార, ఒక గుడ్డు పచ్చసొన, కాస్త జామ్, అంతే. బేకింగ్ పౌడర్ లేదు, సోడా లేదు, అచ్చులు లేవు, బీటర్ లేకపోయినా పర్లేదు. పిండి కలిపి ఉండలు చేసి బొటనవేలితో గుంట నొక్కి అందులో జామ్ వేసి కాల్చేయడమే. మా అమ్మమ్మ దీన్ని ఎక్కడా రాసుకోలేదు కూడా, గ్లాసుతో కొలిచి చేత్తో పట్టుకుని చూసి చేసేసేది. వినడానికి ఇంత సింపుల్‌గా ఉంది కదా, కానీ సరుకులు ఇంత తక్కువ ఉన్నప్పుడు ఏ ఒక్కటి తేడా కొట్టినా వెంటనే తెలిసిపోతుంది, పైన క్రీమ్ పూసి సర్దేయడానికి ఇది కేక్ కాదు.

కుదరలేదు అనేవాళ్ల గోల వింటే ఎప్పుడూ ఈ రెండే. ఒకటి, ఉండలుగా పెట్టినవి ఓవెన్‌లో పల్చగా పరుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రెండు, జామ్ పొంగిపోయి ట్రే అంతా కారి మాడిపోయింది. మొదటిదానికి కారణం దాదాపు ఎప్పుడూ మెత్తబడిపోయిన వెన్నే, రెండోదానికి పల్చటి జామ్. ఈ రెండూ దార్లో పెట్టుకుంటే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా బిస్కెట్లు తినేలాగే వస్తాయి. అందుకే వాటి గురించి ఎక్కువ చెప్తాను, కలపడం లాంటివి గబగబా చెప్పేస్తాను.

కొలతలు

తూకంలో ఐతే గుర్తుపెట్టుకోవడం చాలా ఈజీ. పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు. షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లకి వాడే కొలత కూడా ఇదే. మనకి 100 గ్రాముల పంచదార పొడి, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా. వీటికి తోడు ఒక పచ్చసొన, ఒక టీస్పూన్ వెనిలా ఎసెన్స్, పావు టీస్పూన్ ఉప్పు, 120 గ్రాముల దాకా జామ్. ఒక్కో ఉండ 20 గ్రాములు చేసుకుంటే మొత్తం 30 వస్తాయి, ఒకటి ఎక్కువో తక్కువో.

కిచెన్ స్కేల్ లేకపోతే 240 మిల్లీలీటర్ల కప్పుతో చెయ్యొచ్చు. మైదా రెండున్నర కప్పులు, పంచదార పొడి ముప్పావు కప్పు మీద ఒక టేబుల్ స్పూన్, వెన్న ముప్పావు కప్పు మీద రెండు టేబుల్ స్పూన్లు. ఐతే కప్పుతో ఒక చిక్కుంది. కప్పుని మైదా డబ్బాలో ముంచి నొక్కి తీస్తే అందులో 150 గ్రాములు పట్టేస్తుంది, అదే మైదాని ముందు స్పూన్‌తో కదిపి గుల్లగా చేసి, స్పూన్‌తో కప్పులోకి వేసుకుని పైన చాకు వెనక వైపుతో సమం చేస్తే 120 దగ్గర ఆగుతుంది. రెండున్నర కప్పులకి ఆ తేడా 75 గ్రాములు అవుతుంది మరి, అంత మైదా ఎక్కువ పడితే ఉండలు చుట్టేటప్పుడే విరిగిపోతాయి. కాబట్టి కప్పు వాడితే స్పూన్‌తో నింపండి, నొక్కొద్దు.

పంచదార పొడిగా ఉంటేనే మంచిది. పలుకుల పంచదార వేస్తే పాడైపోతుందని కాదు, అది వేడికి కరిగేటప్పుడు పిండిని కూడా తనతో లాక్కెళ్తుంది, బిస్కెట్ కొంచెం పరుచుకుని అంచులు కరకరలాడతాయి. మనకి కావాల్సింది గుల్లగా, నోట్లో వేసుకోగానే విడిపోయేది, గుంట షేప్ చెడకుండా నిలబడేది. ఇంట్లో ఉన్న పంచదారనే మిక్సీలో మెత్తగా కొట్టి జల్లించుకోండి, చాలు.

గుడ్డు మొత్తం ఎందుకు వెయ్యకూడదు అని అడుగుతారు చాలామంది. తెల్లసొనలో దాదాపు 90 శాతం నీళ్లే, మిగతాది ప్రోటీన్, రెండూ బిస్కెట్‌ని గట్టిపరిచేవే. పచ్చసొనలో కొవ్వు ఉంటుంది, పిండిని పట్టి ఉంచే గుణం కూడా ఉంటుంది, కాబట్టి గుల్లదనం పోకుండా విరగకుండా ఉంటుంది. గుడ్డు తినని ఇంట్లో ఐతే దాని బదులు ఒక టేబుల్ స్పూన్ చల్లటి పాలు పోయండి, రంగు కొంచెం తెల్లగా వస్తుంది, రుచికి పెద్ద తేడా ఏం రాదు.

ఇంక ఉప్పు. తీపి బిస్కెట్‌కి ఉప్పెందుకు అని మానెయ్యకండి, అది లేకపోతే తీపి తప్ప ఇంకేం తెలీదు, వెన్న రుచి కూడా తేలదు. సాల్టెడ్ బటర్ వాడుతుంటే మాత్రం విడిగా వెయ్యక్కర్లేదు.

వెన్న సంగతి

ముందు ఏ వెన్న అనేది. గట్టిగా దిమ్మలా ఉండే మామూలు బటర్ తీసుకోండి, అందులో 80 శాతం పైనే కొవ్వు ఉంటుంది, మిగతాది ఎక్కువగా నీళ్లు. డబ్బాల్లో వచ్చే, ఫ్రిజ్‌లోంచి తీయగానే బ్రెడ్ మీద పూసుకునేలా ఉండే స్ప్రెడ్‌లు దీనికి పనికిరావు, వాటిల్లో నీళ్ళో నూనో ఎక్కువ, పిండి ఎంత ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు. నూనెతో చెయ్యొచ్చా అంటే, ఏదో ఒక బిస్కెట్ వస్తుంది గానీ ఇది రాదు.

తర్వాత ఎంత మెత్తగా ఉండాలి అనేది. రెసిపీల్లో రూమ్ టెంపరేచర్ అని రాసేస్తారు, ఏ రూమ్, ఏ టెంపరేచర్? మనకి కావాల్సింది 18 నుంచి 20 డిగ్రీల వెన్న. ఎండాకాలం వంటగది దానికన్నా చాలా వేడిగా ఉంటుంది, అక్కడ గంటసేపు బయట పెట్టేస్తే వెన్న మెత్తబడటం కాదు, జారిపోతుంది. థర్మామీటర్ అక్కర్లేదు, వేలితో చూసుకోండి. నొక్కితే వేలు దిగాలి కానీ కాస్త బలం పెట్టాల్సి రావాలి, వేలు తీశాక ఆ గుంట అంచులు పదునుగా అలాగే నిలబడాలి, వేలికి వెన్న పల్చగా అంటాలి కానీ జిడ్డుగా మెరవకూడదు. వెన్న పైభాగం నిగనిగా మెరుస్తోందంటే అప్పటికే ఎక్కువైపోయినట్టు, మళ్లీ ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే సెంటీమీటర్ ముక్కలుగా కోసి ప్లేట్‌లో పరిచి పెడితే అంతా ఒకేలా మెత్తబడుతుంది, పది నిమిషాలకోసారి చూస్కోండి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ లోపల కరిగిపోయి ఉంటుంది.

దీనికి ఇంత హడావుడి ఎందుకంటే, వెన్న గట్టిగా ఉన్నప్పుడు అందులో నీళ్లు సన్నటి బొట్లుగా కొవ్వు మధ్య బంధించబడి ఉంటాయి, కరిగిందా ఆ నీళ్లు విడిపోయి మైదాతో కలుస్తాయి, మైదాకి నీళ్లు తగిలి చేత్తో మర్దించేకొద్దీ గ్లూటెన్ (మైదాని జిగురులా పట్టి ఉంచే ప్రోటీన్) సాగుతుంది, బిస్కెట్ గట్టిపడుతుంది. ఇంకోటి, పిండి ఓవెన్‌లోకి వెళ్లేటప్పటికే వెన్న వదులుగా ఉంటే, మైదా ఉడికి గట్టిపడేలోపే వెన్న కరిగి పరుచుకుంటుంది. చల్లటి వెన్న ఐతే ఆ కరగడం ఆలస్యం అవుతుంది, ఈలోపు అంచు బిగుసుకుంటుంది. అమ్మమ్మకి ఈ సైన్స్ ఏమీ తెలీదు, కానీ పిండి కలిపేటప్పుడు గిన్నె పట్టుకుని చూసి, "వేడెక్కిందే, కాసేపు నీడన పెట్టు" అనేది, సరిగ్గా చెయ్యాల్సిందే అది.

కలపడం

వెడల్పు గిన్నెలో వెన్న, పంచదార పొడి, ఉప్పు వేసి గరిటెతోనో బీటర్‌తోనో కలపండి. రంగు కాస్త లేతబడి మెత్తటి ముద్దలా కలిసిపోతే చాలు, బీటర్‌తో రెండు నిమిషాలు, చేత్తో నాలుగైదు. కేక్‌కి చేసినట్టు తెల్లగా నురగలా అయ్యేదాకా కొట్టొద్దు, గాలి ఎక్కువ పట్టిన పిండి ఓవెన్‌లో ఉబ్బి తర్వాత కూలిపోతుంది, మనం నొక్కిన గుంట కూడా పూడిపోతుంది. ఇప్పుడు పచ్చసొన, వెనిలా వేసి ఒకసారి తిప్పండి.

మైదాని జల్లించి ఒకేసారి వేసెయ్యండి. ఇక్కడి నుంచి బీటర్ పక్కన పెట్టేసి గరిటెతో మడిచినట్టు కలపాలి. మొదట పొడిపొడిగా తడి ఇసుకలా కనిపిస్తుంది, అప్పుడే కంగారుపడి పాలో నీళ్లో పోసేయకండి, ఇక్కడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. గుప్పెట్లోకి తీసుకుని నొక్కి చూడండి, ముద్దగా నిలబడితే అందులో సరిపడా తడి ఉన్నట్టే, అరచేతి కింద నాలుగైదు సార్లు నొక్కితే మొత్తం ఒక్క ముద్దైపోతుంది. నొక్కినా విడిపోతుంటే ఒక టీస్పూన్ పాలు, అంతకన్నా వద్దు. చపాతీ పిండిలాగా మర్దించే అలవాటు చేతికి ఉంటుంది కదా, దాన్ని బలవంతంగా ఆపుకోవాలి, మైదా తెల్ల చారలు కనిపించకపోతే ఇంక ముట్టుకోకండి.

ఈ ముద్దని కాస్త చదును చేసి మూత పెట్టి ఫ్రిజ్‌లో 30 నిమిషాలు పెట్టండి. చదునుగా ఉంటే త్వరగా చల్లబడుతుంది, గుండ్రంగా పెడితే బయట గట్టిగా లోపల మెత్తగా ఉండిపోతుంది. టైమ్ లేదని ఈ స్టెప్ మానేసేవాళ్లు ఉంటారు, చలికాలంలో ఐతే గట్టెక్కుతారేమో, మిగతా రోజుల్లో వద్దు. ఎలాగూ ఈ అరగంటలో జామ్ పని ఉంది.

జామ్ సంగతి

సీసాలోంచి తీసి డైరెక్ట్‌గా వేసేస్తే ఏమవుతుందో చెప్తాను. మామూలు జామ్‌లో అరవై శాతం పైనే పంచదార ఉంటుంది, మిగతా దాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. ఓవెన్‌లో ఆ నీళ్లు మరిగి బుడగలు వస్తాయి, బుడగలు జామ్‌ని పైకి తోస్తాయి, గుంట అంచు దాటిందా ఇంక అంతే, కిందకి కారి ట్రే మీద పడి మాడి నల్లగా అతుక్కుపోతుంది, బిస్కెట్ తీయబోతే అడుగు ఊడొస్తుంది. పంచదార తక్కువ అని రాసి ఉండే జామ్‌లు ఇంకా దారుణం, వాటిల్లో నీళ్లు ఇంకా ఎక్కువ కాబట్టి ఇంకా ఎక్కువ ఉరుకుతాయి. హెల్తీ అని అవి కొన్నారనుకోండి, బ్రెడ్ మీద తినండి, ఇక్కడ వాడకండి.

కాబట్టి ముందే ఆ నీళ్లు కొంత తీసెయ్యాలి. చిన్న గిన్నెలో 120 గ్రాముల జామ్ వేసి సన్న మంట మీద తిప్పుతూ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉడికించండి. మొదట పల్చబడుతుంది, భయపడొద్దు, వేడికి ఏ జామ్ ఐనా అంతే. తర్వాత బుడగలు పెద్దవై, గరిటెతో లాగితే గిన్నె అడుగు ఒక క్షణం కనిపించి మళ్లీ మూసుకుంటుంది, అప్పుడు టెస్ట్ చెయ్యండి. స్టీల్ ప్లేట్ ఒకటి ముందే ఫ్రీజర్‌లో పెట్టుకుని, దాని మీద ఒక చుక్క వేసి అర నిమిషం ఆగి ప్లేట్ వంచండి. చుక్క జారకూడదు. వేలితో మధ్యలో గీత గీస్తే రెండు వైపులా అలాగే విడిగా నిలబడాలి, వచ్చి కలుసుకుంటే ఇంకో నిమిషం ఉడకాలి. అక్కడితో ఆపెయ్యండి, ఇంకా ఉడికిస్తే ఓవెన్‌లోంచి వచ్చాక పళ్లకి అతుక్కునేంత గట్టిగా అయిపోతుంది, కొరికితే బిస్కెట్ వస్తుంది గానీ జామ్ రాదు.

దించాక ఒక టీస్పూన్ నిమ్మరసం పిండండి. ఇది నా గట్టి అభిప్రాయం, కొనుక్కునే జామ్‌లు మరీ తీపి, పక్కన ఇంత వెన్న బిస్కెట్ కూడా ఉన్నప్పుడు కాస్త పులుపు లేకపోతే రెండోది తినలేం. అందుకే పుల్లటి పళ్ల జామ్‌లే దీనికి బాగుంటాయి, రాస్ప్‌బెర్రీ, ఆప్రికాట్, ప్లమ్, ఆరెంజ్ మార్మలేడ్. స్ట్రాబెర్రీ ఐతే నిమ్మరసం తప్పనిసరి. మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ పిల్లలు అడుగుతారు గానీ దానికి తీపి తప్ప ఇంకో రుచి ఉండదు, మీ ఇష్టం. పెద్ద పండు ముక్కలు ఉంటే చాకుతో సన్నగా తరిగేయండి, ముక్క గుంటలోంచి బయటికి తన్నుకొస్తే దాని పక్కనుంచి జామ్ కారుతుంది. పళ్ల ముక్కలేవీ లేకుండా వణికే జెల్లీ టైపువి వేడికి బాగా పల్చబడతాయి, అవి కాల్చడానికి కాకుండా కాల్చాక వేసుకోడానికి ఉంచుకోండి.

ఉడికించిన జామ్ పూర్తిగా చల్లారాలి. వేడి జామ్‌ని వేస్తే గుంటలో ఉన్న వెన్న అక్కడే కరుగుతుంది, ఇంతసేపు చల్లగా కాపాడుకున్నదంతా వేస్ట్.

ఉండలు, గుంటలు

ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి గట్టిగా ఉంటే ఐదు నిమిషాలు బయట ఉంచండి, మరీ చల్లగా ఉన్నప్పుడు చుట్టితే పగుళ్లే పగుళ్లు. 20 గ్రాములంటే సుమారు మూడు సెంటీమీటర్ల ఉండ. మొదటిది తూచి చూసుకుంటే మిగతావి చేతికి తెలిసిపోతాయి, అన్నీ ఒకే సైజు ఉండటం అందం కోసం కాదు, చిన్నవి మాడేలోపు పెద్దవి పచ్చిగా ఉండిపోతాయి అందుకని. అరచేతుల మధ్య గట్టిగా ఒకసారి నొక్కి తర్వాత మెల్లగా తిప్పండి, చేతులు వేడెక్కి పిండి అంటుకుంటుంటే చన్నీళ్లతో కడుక్కుని బాగా తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టండి.

ట్రే మీద బేకింగ్ పేపర్ వేసి, ఉండల మధ్య నాలుగు సెంటీమీటర్లు ఖాళీ వదిలి పెట్టండి. మైనం పూసిన పేపర్ వాడకండి, ఓవెన్ వేడికి మైనం కరుగుతుంది. పేపర్ లేకపోతే ట్రేకి సన్నగా వెన్న రాసి మైదా చల్లి దులిపేసినా సరిపోతుంది.

ఇప్పుడు బొటనవేలు. పైనుంచి నిట్టనిలువుగా మెల్లగా నొక్కాలి, ఉండ ఎత్తులో సగం దాకా, అడుగు మాత్రం కనీసం అర సెంటీమీటర్ మందం ఉండాలి. అడుగు పల్చబడితే జామ్ బరువుకి అక్కడే విరుగుతుంది. నొక్కేటప్పుడు రెండో చేతి వేళ్లతో ఉండ చుట్టూ పట్టుకుంటే అంచు విచ్చుకోదు. ఐనా సన్నటి పగుళ్లు వస్తాయి, ముఖ్యంగా అంచు మీద, ఒక్కోదాన్ని దగ్గరగా చూసి వేలికొనతో చిదిమి అతికేయండి. ఇది చాదస్తం అనుకోవద్దు, జామ్ కారేది ఈ పగుళ్లలోంచే, వెంట్రుకంత పగులు ఓవెన్‌లో పెద్దదవుతుంది. బొటనవేలి గోరు పొడవుగా ఉన్నవాళ్లు గుండ్రటి అర టీస్పూన్ కొలత చెంచా వెనక భాగంతో నొక్కండి, గుంటలు అన్నీ ఒకేలా కూడా వస్తాయి, మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదనుకోండి అది వేరే సంగతి.

ట్రే మొత్తాన్ని మళ్లీ 15 నుంచి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఈలోపు ఓవెన్ ఆన్ చెయ్యండి.

కాల్చడం

175 డిగ్రీలు, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగేలా, కనీసం 15 నిమిషాలు ప్రీహీట్. ఫ్యాన్ ఉన్న మోడ్ ఐతే 160 చాలు. చాలా ఓవెన్లకి పైన తిప్పే నంబర్‌కి లోపలి వేడికి పొంతన ఉండదు, పది ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఉండటం మామూలే, తరచూ బేకింగ్ చేసేవాళ్లు లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే చాలా తలనొప్పులు తప్పుతాయి.

జామ్ ముందే వేసి కాల్చడం, పూర్తిగా కాల్చాక వేయడం, సగంలో వేయడం, మూడు పద్ధతులూ ఉన్నాయి. ముందే వేస్తే పని తక్కువ కానీ జామ్ 14 నిమిషాలు ఉడికి పొంగే ఛాన్స్ ఎక్కువ, రంగు కూడా ముదురుతుంది. కాల్చాక వేస్తే నిగనిగలాడుతూ చూడ్డానికి భలే ఉంటుంది కానీ బిస్కెట్‌కి పట్టదు, డబ్బాలో పెడితే ఒకదానికొకటి అంటుకుంటాయి. నేను సగంలోనే వేస్తాను. ఖాళీ గుంటలతో ట్రేని మధ్య అరలో పెట్టి 7 నిమిషాలు కాల్చి బయటికి తీస్తే, గుంటలు కాస్త పూడి పైకి లేచి ఉంటాయి, పిండి ఇంకా మెత్తగానే ఉంటుంది, చెంచా వెనకతో మెల్లగా మళ్లీ నొక్కండి. ఒక్కోదాంట్లో అర టీస్పూన్ జామ్, అంచుకన్నా కొంచెం కిందకే ఉండాలి, ఎక్కువ వేస్తే బాగుంటుందని ఆశపడొద్దు. మళ్లీ లోపల పెట్టి ఇంకో 6 నుంచి 8 నిమిషాలు. అప్పటికే చుట్టూ గోడ బిగుసుకుని ఉంటుంది కాబట్టి జామ్ ఉడికినా ఎక్కడికీ పోదు. ఈ నొక్కి నింపే పని మాత్రం గబగబా అయిపోవాలి, జామ్‌ని ముందే చిన్న కవర్‌లో వేసి మూల కత్తిరించి పెట్టుకుంటే నిమిషంలో ట్రే మొత్తం నింపేయొచ్చు.

అయిందో లేదో పైన చూసి చెప్పలేం, పైభాగం లేత రంగులోనే ఉంటుంది, అలాగే ఉండాలి కూడా. కింది అంచు చూడండి, ట్రేకి తగిలే చోట సన్నగా బంగారు రంగు గీత కనిపిస్తే తీసెయ్యండి. చాకుతో ఒకదాన్ని పైకెత్తి అడుగు చూస్తే ఇంకా నమ్మకం. పట్టుకుంటే మెత్తగా ఉంటుంది, ఇంకా ఉడకలేదేమో అని మళ్లీ లోపల పెట్టేస్తారు చాలామంది, పెట్టకండి, లోపలి వెన్న చల్లారి గడ్డకట్టాకే బిస్కెట్ బిగుస్తుంది. ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలేసి, తర్వాత గరిటెతో తీసి జాలీ మీద పెట్టండి. పిల్లలు చుట్టూ తిరుగుతుంటే ఒక మాట, బిస్కెట్ గోరువెచ్చగా ఉన్నా మధ్యలో జామ్ ఇంకా కాలిపోతూనే ఉంటుంది, నాలుక చురుక్కుమంటుంది, కనీసం పావుగంట ఆగమనండి. పచ్చి పిండి నాకడం కూడా వద్దు, పచ్చి గుడ్డులోనే కాదు పచ్చి మైదాలో కూడా కడుపు పాడుచేసే బ్యాక్టీరియా ఉండొచ్చు.

ఓవెన్ లేనివాళ్లు మందపాటి లోతు గిన్నెలో స్టాండ్ పెట్టి, మూతేసి సన్న మంట మీద పది నిమిషాలు వేడిచేసి, చిన్న ప్లేట్‌లో ఐదారు చొప్పున పెట్టి కాల్చుకోవచ్చు. టైమ్ ఎక్కువ పడుతుంది, 20 నిమిషాలు దాటాక అడుగు చూస్తూ ఉండాలి, పైన అసలు రంగు రాదు, తినడానికి మాత్రం బాగానే ఉంటాయి.

తేడా కొడితే

పరుచుకుపోతే ఏంటో చెప్పేశాను, వెన్న. మొదటి ట్రే అలా అయితే మిగతా ఉండల్ని ఫ్రీజర్‌లో పదిహేను నిమిషాలు పెట్టి కాల్చి చూడండి, అప్పటికీ అదే ఐతే మైదా తక్కువ పడినట్టు, మిగిలిన పిండిలో ఒకటి రెండు స్పూన్లు కలపండి. ఇంకోటి, ఒకే ట్రేని వరసగా వాడుతుంటే అది వేడిగా ఉండగానే రెండో విడత ఉండలు పెట్టేస్తారు, అడుగు వెన్న ఓవెన్‌లోకి వెళ్లకముందే కరుగుతుంది. ట్రేని చల్లారబెట్టుకోండి, తొందరైతే వెనక వైపు చన్నీళ్లు పోసి తుడిచేయండి.

గట్టిగా వచ్చాయంటే ఎక్కువ పిసికారు లేదా ఎక్కువ కాల్చారు. పైన బాగుండి అడుగు మాడుతుంటే ట్రే నల్లటిదీ పల్చటిదీ అయ్యుంటుంది, ముదురు రంగు ట్రే వేడిని ఎక్కువ లాక్కుంటుంది, దాని కింద ఇంకో ట్రే పెట్టి రెండు కలిపి లోపల పెట్టండి లేదా ఒక అర పైకి జరపండి. జామ్ పైన ముడతలు పడి మెరుపు పోతే అది తప్పేమీ కాదు, ఇంకొంచెం జామ్‌ని వేడిచేసి వేడి బిస్కెట్ల మీద చుక్క చుక్క తాకిస్తే మళ్లీ మెరుస్తాయి.

మార్పులు చేయాలంటే

మైదాలో 75 గ్రాములు తీసేసి అంతే బరువు బాదం పొడి వెయ్యండి, ఇది నేను అందరికీ చెప్పే మార్పు, గ్లూటెన్ తగ్గి ఇంకా గుల్లగా వస్తాయి, ఆప్రికాట్ జామ్‌తో అదిరిపోతుంది. నిమ్మకాయ పసుపు తొక్క తురుము ఒక టీస్పూన్ పంచదారలో వేసి వేళ్లతో నలిపి కలిపితే వెనిలా కూడా అక్కర్లేదు. సగం మైదా బదులు గోధుమపిండి వాడొచ్చు, అందులో పొట్టు తడిని పీల్చుకుంటుంది కాబట్టి ఒకటి రెండు టీస్పూన్లు పాలు ఎక్కువ పడతాయి. మొత్తం గోధుమపిండితో చేస్తే మాత్రం బరువుగా వస్తాయి, నాకు నచ్చవు.

ఇదే పిండిని రెండు పేపర్ల మధ్య అర సెంటీమీటర్ మందాన ఒత్తి, గుండ్రంగా కోసి, సగం వాటికి మధ్యలో చిన్న రంధ్రం చేసి 10 నుంచి 11 నిమిషాలు కాల్చి, చల్లారాక మధ్యలో జామ్ పెట్టి జంటలు చేసుకోవచ్చు. లింజర్ బిస్కెట్లు అంటారే ఆ టైపు. పై బిస్కెట్ల మీద పంచదార పొడి జామ్ పెట్టకముందే చల్లాలి, తర్వాత చల్లితే రంధ్రంలో జామ్ మీద కూడా పడి కాసేపట్లో కరిగి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

దాచుకోవడం

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, కాస్త వెచ్చగా ఉన్నా లోపల ఆవిరి పట్టి అన్నీ మెత్తబడతాయి. పొరకీ పొరకీ మధ్య బేకింగ్ పేపర్ వెయ్యండి. మొదటి రెండు రోజులు గుల్లగా ఉంటాయి, తర్వాత జామ్ తడి మెల్లగా బిస్కెట్‌లోకి దిగి మెత్తబడతాయి, నాలుగైదు రోజులు తినొచ్చు, అలా మెత్తబడ్డవే ఇష్టపడేవాళ్లు కూడా ఉంటారు. జామ్ వెయ్యకుండా ఖాళీ గుంటలతో పూర్తిగా కాల్చి పెట్టుకుంటే రెండు వారాలు కరకరలాడుతూ ఉంటాయి, తినే రోజు వేడి జామ్ వేసుకోవడమే.

అన్నిటికన్నా తేలిక పద్ధతి, గుంటలు నొక్కిన పచ్చి ఉండల్ని ట్రే మీదే ఫ్రీజర్‌లో రెండు గంటలు గట్టిపడనిచ్చి, జిప్ కవర్‌లోకి మార్చేసి దాచుకోవడం. రెండు నెలలు బాగానే ఉంటాయి. చుట్టాలొస్తున్నారంటే కావాల్సినన్ని తీసి, కరిగించే పని లేకుండా అలాగే ఓవెన్‌లో పెట్టెయ్యండి, మొదటి విడత 7 నిమిషాల బదులు 9, జామ్ వేశాక మామూలు టైమే.